అందిన ద్రాక్షా పుల్లనే!

నాంపల్లి స్టేషన్ బయటికొచ్చి కాస్త దూరం నడిస్తే చాలు, 'వైన్స్' అన్న బోర్డు కనిపిస్తుంది. అక్కణ్నుంచి మొజంజాహి మార్కెట్ మీదుగా అబిడ్స్ చేరేలోపు అలాంటివి మరికొన్ని. పెద్ద పెద్ద అక్షరాలు, కింద ఇనుప జాలీ, జాలీ వెనక అరల నిండా సీసాలు. విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు... అన్నీ ఉంటాయి. బోర్డు మీద పేరున్న సరుకే తక్కువ. "వైన్ ఉందా?" అని ఎవరైనా అడిగితే కౌంటరులో కుర్రాడు ఓసారి ఎగాదిగా చూస్తాడు. ఆ తర్వాత పై అరలో, మూలనున్న రెండు మూడు సీసాల మీద దుమ్ము దులుపుతాడు.

తెలుగువాళ్లకి వైన్ అంటే ద్రాక్ష సారం కాదు, మందు షాపు! నిజానికి ఈ పదార్థానికి మన దగ్గర పేర్లకేం కొదవలేదు. అబిడ్స్ చర్చిల్లో చదివే తెలుగు బైబిల్లో అది ద్రాక్షారసం. ఆయుర్వేద మందుల దుకాణంలో ద్రాక్షాసవం. ధాతకీ పుష్పాలు వేసి, పులియబెట్టి చేసే ఆ మందు సీసాని ఇంట్లో పెద్దవాళ్లు నిరభ్యంతరంగా రెండు చెంచాలు పుచ్చుకుంటారు. ఇక సాహిత్యంలోకి వెళ్తే, నోట్లో వేసుకోగానే రసం ఊరే పండులా, వినగానే అర్థమయ్యే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు. ఒలుచుకుని తినాల్సింది కదళీపాకం. పగలగొట్టుకుంటే తప్ప అందనిది నారికేళపాకం.

ఇన్ని మాటలున్న భాషలో, ఒకప్పుడు ద్రాక్షకే పేరుపడ్డ నగరంలో, వైన్ అన్నమాట చివరికి ఓ ఇనుప జాలీ మీద బోర్డుగా మిగిలింది. ఎందుకలా? సమాధానం ఓ మార్చి నెల ఆదివారంనాడు, నాంపల్లి సందులోని ఓ మేడ మీద, నాలుగు గ్లాసుల్లో కొంత దొరికింది.

ఫుట్‌పాత్ మీద ఫ్రాన్స్

ఆదివారం అబిడ్స్ అంటే పుస్తకాల సంత. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుచుకుని ఉంటాయి. ఇంజినీరింగు గైడ్ల పక్కన డిటెక్టివ్ నవలలు, వాటి పక్కన ఎవరింట్లోనో పెద్దాయన పోయాక తూకానికేసిన సంపుటాలు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దగ్గర నమ్మకస్తుడిగా పనిచేసిన ఆర్మేనియన్, ఆల్బర్ట్ అబిడ్, ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ఎక్కణ్నుంచో వచ్చిన మనిషి పేరు ఊరి పేరైపోవడం హైదరాబాద్‌కి కొత్తకాదు. తీగల విషయంలోనూ అదే జరిగింది. ఆ సంగతి తర్వాత.

ఆ ఆదివారం ఆ పుస్తకాల మధ్య ఇద్దరు ఆగారు. ఒకరు డెబ్భై దాటిన పెద్దాయన. మేడ్చల్ అవతల ఒకప్పుడు ఏడెకరాల ద్రాక్షతోట ఉండేది ఆయనకి. రెండో వ్యక్తి ఆయన మేనల్లుడు. పారిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుమీద వచ్చాడు. అతనికి అట్ట చిరిగిన ఓ ఫ్రాన్స్ అట్లాసు దొరికింది. బేరమాడి, చంకలో పెట్టుకుని మామతో కలిసి మొజంజాహి మార్కెట్ వైపు నడిచాడు.

1935లో కట్టిన మార్కెట్ అది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. రాతి కమానులు, గడియారం బురుజు... 2020లో బాగుచేశాక మళ్లీ కళకళలాడుతోంది. ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు ఇప్పటికీ రద్దీయే. ఒకప్పుడు నగరానికి పండ్ల మార్కెట్ అంటే ఇదే. తర్వాత టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికీ, అక్కణ్నుంచి బాటసింగారానికీ తరలిపోయింది. పెద్దాయన గడియారం బురుజుకేసి చూస్తూ, "మా నాయిన జమానాల అంగూర్ గంపలు ఈడనే దించేటోళ్లు" అన్నాడు. మార్కెట్ బయట తోపుడుబండి మీద ద్రాక్ష ఉంది. సన్నగా, కోలగా, గింజల్లేకుండా. ఎక్కడిదని అడిగితే, "మహారాష్ట్ర మాల్, సాబ్" అన్నాడు బండివాడు.

ఆయన ఒక గింజ నోట్లో వేసుకుని నమిలాడు. కొనలేదు.

"నీళ్ల లెక్క ఉన్నదేంది?"

మేనల్లుడు వస్తూ వస్తూ పారిస్ విమానాశ్రయంలో ఓ సీసా కొన్నాడు. పేరు షాబ్లీ. షార్డొనే అనే తెల్లద్రాక్షతో చేసే వైన్. ప్రపంచంలో ఈ ద్రాక్ష పండించని వైన్ దేశం దాదాపు లేదు. కానీ ఎండ దేశపు షార్డొనే వేరు, చలి దేశపు షార్డొనే వేరు. మొదటిది పనసతొనలా మాగిన వాసనతో, ఒత్తుగా, ఘాటుగా ఉంటుంది. రెండోది బక్కపలచన, సూదిమొన. ఆస్ట్రేలియాలోని టాస్మానియా, అమెరికాలోని ఆరెగాన్‌లాంటి చోట్ల కూడా ఈ 'చల్లని వాతావరణపు' షార్డొనే పండిస్తున్నారు. వాళ్లందరికీ కొలబద్ద మాత్రం షాబ్లీయే.

సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టాడు. మరీ మంచులా ఉంటే రుచి తెలియదు. పది, పన్నెండు డిగ్రీలు ఉండాలి. కాడ ఉన్న గ్లాసులు ఆ ఇంట్లో లేవు. చుట్టాలొస్తే షర్బత్ ఇచ్చే పలచటి గాజుగ్లాసులు నాలుగు కడిగి తెచ్చాడు. మామకొకటి, తనకొకటి, పక్కింటి రిటైర్డ్ లెక్చరరుకి ఒకటి. నాలుగోది అత్తమ్మకని పోయబోతే ఆమె వంటింటి గడప దాటి రాలేదు. "పేరు ఏదైతేంది, తాగుడు తాగుడే" అంది. ఆ గ్లాసు ఖాళీగానే ఉండిపోయింది.

"గిదేంది అల్లుడా, నీళ్ల లెక్క ఉన్నది?" అన్నాడు పెద్దాయన గ్లాసుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని.

నిజమే. తెలుపు అనలేం, పసుపూ అనలేం. నిమ్మచెక్క నీళ్లలో పిండితే వచ్చే రంగు. అంచున పచ్చటి ఛాయ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు నిమ్మతొక్క, తర్వాత కోసిన పచ్చ ఆపిల్, ఆ తర్వాత ఓ చిత్రమైన వాసన... ఎండిన బండమీద తొలి చినుకులు పడితే లేచేదాన్ని పోలింది. నోట్లో పోసుకోగానే పులుపు నాలుకకి రెండు పక్కలా పట్టుకుంది. తీపి ఆనవాలు కూడా లేదు. కానీ పళ్లు పులిసిపోయే పులుపు కాదది. నోరూరించి, మింగాక కూడా కాసేపు ఉండి, చివర్లో ఉప్పుకల్లు తగిలిందా అన్న అనుమానం మిగిల్చి పోయింది.

"అందని ద్రాక్ష పుల్లన అంటారుగానీ, అందింది కూడా పుల్లగానే ఉందే!" అని నవ్వాడు లెక్చరరు. "ద్రాక్షతో చేశారన్నమాటేగానీ ఇది ద్రాక్షాపాకం కాదయ్యా, నారికేళపాకం. తొందరగా లొంగేట్టు లేదు."

పెద్దాయన మాత్రం నవ్వలేదు. రెండో గుక్క నోట్లోనే ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత మెల్లిగా అన్నాడు, "గీ పులుపు నాకెరుక. గుత్తులు పలచన చెయ్యనీకి డిసెంబరుల పచ్చి కాయలు తెంపేటోళ్లం. కూలోళ్లు ఉప్పుకారం అద్దుకుని తినేది. గీ వాసనే. గంపలకు గంపలు పారబోసినం."

ఆయన పారబోసిందాన్నే అక్కడ సీసాల్లో దాచుకుంటున్నారు. తేడా ఎక్కడుంది?

చలి పెట్టిన రుచి

మేనల్లుడు అట్లాసు విప్పాడు. పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో షాబ్లీ ఉంది. బర్గండీ ప్రాంతానికి ఉత్తరపు కొస. చిన్న ఊరు, దాని పక్కన 'సెరెన్' అనే చిన్న ఏరు. అక్షాంశం దాదాపు 48 డిగ్రీలు. హైదరాబాద్‌ది 17. ద్రాక్ష పండే భూములకి షాబ్లీ ఉత్తరపు అంచుల్లో ఉంటే, మనం దక్షిణపు అంచు కూడా దాటేశాం.

ఆ అంచున బతకడం తేలిక కాదు. నవంబరులో ఆకు రాలిందంటే తీగ ఎండుకట్టెలా నిద్రపోతుంది. ఏప్రిల్‌లో మొగ్గ విచ్చుకుంటుంది. అసలు భయం అప్పుడే మొదలు. ఆకాశం నిర్మలంగా ఉన్న ఏ రాత్రయినా ఉష్ణోగ్రత సున్నాకి దిగిపోవచ్చు. మంచు పడితే లేత చిగురు తెల్లారేసరికి నల్లబడుతుంది, ఏడాది పంట పోతుంది. అందుకే ఆ రాత్రుళ్లు రైతులు తోటల్లో వరసల మధ్య వందలకొద్దీ మైనం కుండలు వెలిగిస్తారు. కొందరు చిగుళ్ల మీద నీళ్లు చిమ్ముతారు. ఆ నీళ్లు గడ్డకట్టి, మొగ్గ చుట్టూ గాజుడిప్పలా ఏర్పడతాయి. గడ్డకట్టేటప్పుడు నీరు విడుదల చేసే వేడి మొగ్గని కాపాడుతుంది. మంచునుంచి కాపాడటానికి మంచే కవచం! ఇన్ని చేసినా 2021 ఏప్రిల్‌లో వచ్చిన మంచు ఫ్రాన్స్ తోటల్ని చాలాచోట్ల తుడిచిపెట్టేసింది.

ఇంత కష్టానికి ఫలితమే ఆ పులుపు. పచ్చి ద్రాక్షలో పులుపుకి ముఖ్య కారణం మాలిక్ ఆమ్లం. పచ్చ ఆపిల్‌లో ఉండేదీ అదే. కాయ పండే రోజుల్లో వేడి ఎక్కువైతే తీగ ఈ ఆమ్లాన్ని వేగంగా ఖర్చు పెట్టేస్తుంది. చక్కెర మిగులుతుంది, పులుపు పోతుంది. చల్లగా ఉంటే ఆ ఖర్చు నెమ్మదిస్తుంది. సెప్టెంబరులో కోసే నాటికి కాయ పండుతుంది, పులుపూ మిగిలి ఉంటుంది. అందుకే షాబ్లీలో చాలావరకూ చెక్కపీపాల జోలికి పోకుండా స్టీలు తొట్టెల్లోనే వైన్ చేస్తారు. చెక్క వాసన ఆ సున్నితత్వాన్ని కప్పేస్తుందని.

ఇక నేల. షాబ్లీ కొండవాలుల్లో సున్నపురాయి కలిసిన బంకమన్ను ఉంటుంది. దాన్ని చేత్తో నలిపితే కామాల్లా వంకర తిరిగిన బుల్లి ఆల్చిప్పలు బయటపడతాయి. దాదాపు 15 కోట్ల ఏళ్ల క్రితం అక్కడ సముద్రం ఉండేది. వైన్‌లో తగిలే ఆ ఉప్పుదనం ఆ ఆల్చిప్పలదేనని అక్కడివాళ్లు మురిసిపోతారు. వేర్లు రాతి రుచిని నేరుగా పండుకి మోసుకెళ్లవని శాస్త్రవేత్తలు అంటారు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ నేలలో నీరు మితంగా ఇంకి, మితంగా నిలవడం తీగకి మేలు చేస్తుందన్నది మాత్రం కాదనలేనిది.

ఆ సీసామీద షార్డొనే అన్న మాటే కనిపించలేదు. అక్కడ ముద్దుపేరు పండుది కాదు, ఊరిది. మనం నూలూ పట్టూ అని కాకుండా 'గద్వాల' అనీ 'పోచంపల్లి' అనీ చీరనడిగినట్టే. ఆ ఊరి హద్దుల్లో, ఆ ద్రాక్షతో, చెప్పిన పద్ధతిలో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలని 1938లో అక్కడ చట్టబద్ధం చేశారు. అన్నట్టు, షార్డొనే వంశమేమీ రాజవంశం కాదు. 1999లో జన్యుపరీక్షలు చేస్తే దాని తల్లిదండ్రుల్లో ఒకటి పేరుమోసిన పీనో అనీ, రెండోది గూయె బ్లాంక్ అనే నాసిరకం ద్రాక్ష అనీ తేలింది.

పెద్దాయన అంతా విని, "మాది మాత్రం రాజుల పేరే" అన్నాడు.

రాజుగారి ద్రాక్ష

అనాబ్-ఎ-షాహి. అనాబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాచ. 1890 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన తోటలో ఈ రకం పెరిగింది. మధ్యప్రాచ్యం నుంచి వచ్చిందని చెబుతారు. అబిడ్ దొరలాగే ఎక్కణ్నుంచో వచ్చి ఇక్కడిదైపోయింది. పెద్ద గుత్తి, కోలగా బొటనవేలంత కాయ, పండితే తేనెరంగు, లోపల గింజ, నిండా రసం. ఒకప్పుడు దేశంలో ఎక్కడ అనాబ్ కనిపించినా 'హైదరాబాద్ అంగూర్' అనే చెప్పుకొనేవారు.

నిజానికి ఈ నేలకి ద్రాక్ష అంతకంటే పాత చుట్టం. 1666-67 ప్రాంతాల్లో గోల్కొండ వచ్చిన ఫ్రెంచ్ యాత్రికుడు తెవెనో ఇక్కడి ద్రాక్షతీగల గురించి రాశాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పండ్లు కోస్తారనీ, వాటితో తెల్ల వైన్ చేస్తారనీ, కోత కాగానే తీగని కత్తిరిస్తారనీ నమోదు చేశాడు. మూడున్నర శతాబ్దాల క్రితం గోల్కొండలో తెల్ల వైన్! మేనల్లుడు ఈ సంగతి చెబితే పెద్దాయన ఆశ్చర్యపోయింది వైన్‌కి కాదు, కత్తిరింపుకి. "అప్పుడూ కత్తిరించిండ్రా?" అన్నాడు.

ఎందుకంటే దక్కన్ ద్రాక్ష రహస్యమంతా కత్తెరలోనే ఉంది. ఇక్కడ తీగని నిద్రపుచ్చే చలి లేదు. వదిలేస్తే పన్నెండు నెలలూ పచ్చగా పాకుతూనే ఉంటుంది, కాయడం మరిచిపోతుంది. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరులో కత్తిరిస్తే కాయ ఎదిగే రోజులు డిసెంబరు, జనవరి అవుతాయి. రాత్రుళ్లు చల్లగా, గాలి పొడిగా ఉండే కాలం. చలిదేశం మనకి లేదు కాబట్టి, ఉన్న రెండు నెలల చలిని ఏరుకుని పంటని అందులోకి జరిపారన్నమాట. షాబ్లీ రైతు చలినుంచి మొగ్గని దాచుకుంటే, మేడ్చల్ రైతు మొగ్గ కోసం చలిని వెతుక్కున్నాడు.

కాపు మాత్రం విరగకాసేది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, తలకి అందే ఎత్తులో పందిరి వేసేవారు. మేడ్చల్, శామీర్‌పేట, శంషాబాద్, హయత్‌నగర్... నగరం చుట్టూ ఎటు వెళ్లినా ఫిబ్రవరి ఎండలో ఆ పందిళ్ల కింద చల్లగా నీడ, నెత్తిన గుత్తులు. ఆదివారాలు నగరంలోని కుటుంబాలు కార్లేసుకుని వచ్చి తోటల దగ్గరే కొనుక్కెళ్లేవారు. అంత కాపు కాసే తీగలో తీపి 14 నుంచి 16 శాతమే ఉంటుంది. మంచి వైన్‌కి 20 దాటాలి. పైగా కోసే నాటికి పులుపూ పలచనే. తినడానికి రాజాపండు, వైన్‌కి మాత్రం కాదు. గోల్కొండ పేరుతో ఓ ఎర్ర తీపి వైన్ కూడా కొన్నాళ్లు దుకాణాల్లో కనిపించింది. అయితే ఈ నేలలో ఏ రకం, ఏ ఎత్తున, ఏ నెలలో కోస్తే మంచి వైన్ అవుతుందన్న ప్రశ్న ఇక్కడ గట్టిగా వేసుకున్నవాళ్లు తక్కువ.

వేసుకునేలోపు తోటలే పోయాయి. బోర్లు ఎండాయి. పిండినల్లి, బూజు తెగుళ్లకి మందులు కొట్టీకొట్టీ ఖర్చు పెరిగింది. గింజల్లేని ద్రాక్ష మహారాష్ట్ర నుంచి లారీల్లో దిగింది. చివరగా భూమి ధర. ఔటర్ రింగ్ రోడ్డు మాట వినపడగానే పందిరి కింద నేల పందిరికంటే విలువైందైంది. పెద్దాయన 2004లో తోట తీసేశాడు. "నరికినం అనకు" అన్నాడు మేనల్లుడితో. "ఆఖరు కత్తిరింపు అనుకున్నం. మళ్లీ చిగురేస్తదని వదిలేసినం. నీళ్లు పెట్టలేదు. గంతే." ఇప్పుడక్కడ విల్లాలున్నాయి. కడీలు మాత్రం కొన్ని ఆ పక్క పొలానికి కంచెగా నిలబడి ఉన్నాయట.

పోయింది తిరిగొస్తుందా?

షాబ్లీ కూడా ఒకప్పుడు పోయిందే. 19వ శతాబ్దం చివర్లో వేరుని తినే ఫిలాక్సెరా పురుగు తోటల్ని మింగేసింది. రైళ్లొచ్చాక దక్షిణ ఫ్రాన్స్ చవక వైన్ పారిస్‌ని ముంచెత్తింది. ఆ తర్వాత యుద్ధాలు, మంచు. 1950లలో అక్కడ మిగిలింది సుమారు 500 హెక్టార్లు. మేడ్చల్ రైతులాగే అక్కడి రైతూ తోట వదిలేసి వేరే పని చూసుకున్న రోజులవి. ఇవాళ అక్కడ 5,000 హెక్టార్లకి పైగా తోటలున్నాయి. మంచుని తట్టుకునే పద్ధతులు నేర్చుకోవడం ఒక కారణం. పేరుని చట్టం కాపాడటం ఇంకో కారణం. ఆ పేరు మీద కొనేవాడు ఉన్నంతకాలం ఆ కొండవాలుని ప్లాట్లు చేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

మరి అనాబ్? దాని కథంతా నాంపల్లిలోనే, నడిచి వెళ్లేంత దూరంలోని రెండు ఆఫీసుల మధ్య ఉంది. పబ్లిక్ గార్డెన్స్, నిజాం కాలపు బాగె-ఆమ్, అందులో ఉద్యానశాఖ. ద్రాక్షతీగ వాళ్ల లెక్క. అక్కణ్నుంచి ఎం.జె. రోడ్డుకొస్తే ఆబ్కారీ భవన్. ద్రాక్ష పులిసిన మరుక్షణం నుంచీ వాళ్ల లెక్క. పక్క రాష్ట్రాలు ఈ రెండింటి మధ్యా దారి వేశాయి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష వైన్‌ని పంట ఆధారిత పరిశ్రమగా చూస్తూ, ఎక్సైజు సుంకం మినహాయించి విధానం తెచ్చింది. కర్ణాటక 2007లో తనదైన వైన్ విధానం ప్రకటించింది. నాసిక్, నంది కొండల చుట్టుపక్కల తోటలు ఆ ఆసరాతో విస్తరించాయి. మహారాష్ట్రలో అక్లుజ్ లాంటి ఎండ ప్రాంతంలో కూడా ఫ్రాటెల్లీ కంపెనీ షార్డొనే పండించి సీసాల్లో నింపుతోంది. అది షాబ్లీ కాదు, కానక్కర్లేదు కూడా. కానీ ఒక రైతు తోట నిలబడింది.

మన దగ్గర ఆ దారి ఎందుకు పడలేదన్నదానికి జవాబు వంటింటి గడప దగ్గరే ఉంది. అత్తమ్మకి చిన్న తమ్ముడు ఉండేవాడు. సారా అతన్ని ముప్ఫై ఐదేళ్లకే మింగేసింది. ఇలాంటి తమ్ముడో, భర్తో, కొడుకో లేని ఊరు అప్పట్లో లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లింది అందుకే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. అనుభవం మాత్రం ఇళ్లలోనే ఉండిపోయింది. గుక్కెడు పులుపులో ఊరినీ వానవాసననీ వెతుక్కునే రుచి, కూలీ డబ్బులు గుంజుకుని తాగిన రుచి ఒకటి కాదని చెప్పడం సులువే. ఆ రెండోదాన్ని ఇంట్లో చూసినవాళ్లకి మాత్రం చెప్పలేం. 'వైన్స్' బోర్డు ఆ తేడాని ఎప్పుడో చెరిపేసింది.

అయినా అనాబ్‌ని నిలబెట్టడానికి వైన్ ఒక్కటే మార్గం కాదు. రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. రకరకాల ద్రాక్షతీగల్ని అక్కడ కాపాడుతున్నారు. కాపు వచ్చే ఫిబ్రవరి, మార్చి రోజుల్లో జనం వెళ్లి పందిరి కిందే కొనుక్కుని తింటున్నారు. పిల్లల్ని ఎత్తుకుని గుత్తుల్ని తాకిస్తున్నారు. నగరం చుట్టూ ఒకప్పుడు ఆదివారాలు ఎలా ఉండేవో చూడాలంటే అదొక్కటే దారి.

సాయంత్రమైంది. కిటికీలోంచి స్టేషన్ అనౌన్స్‌మెంటు వినిపిస్తోంది. పెద్దాయన గ్లాసులో చివరి గుక్క మిగిలిపోయింది. మార్చి ఉక్కకి అది వెచ్చబడింది. వెచ్చబడిన కొద్దీ నిమ్మ పోయి, పులుపు చదునై, పలచగా మారిపోయింది. చలి పెట్టిన రుచిని చలి విడిచిపెట్టగానే గుర్తుపట్టడం కష్టమైంది.

ఆయన గ్లాసు పక్కన పెట్టి అట్లాసు ముందుకు లాక్కున్నాడు. షాబ్లీ మీద వేలు ఉంచి, "ఆడ తీగె ఎన్ని నెలలు పండుకుంటదన్నవ్?" అని అడిగాడు.

"నవంబరు నుంచి మార్చి దాకా మామా. ఐదు నెలలు."

"ఐదు నెలలా..." అన్నాడాయన. "మావి ఒక్కదినం పండుకోలే."

లోపల్నుంచి అత్తమ్మ వచ్చి మూడు గ్లాసులూ తీసింది. వాడని నాలుగో గ్లాసులో ఆయనకి మంచినీళ్లు పోసిచ్చింది.